పదిహేడూ, పద్దెనిమిదీ

ఆవిడ అసలు పేరు ఆ కాన్వెంటు బళ్ళో హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆరో తరగతి పిల్లల దగ్గర్నుంచి హెడ్ సిస్టర్ దాకా అందరికీ ఆవిడ కబుర్లమ్మే. ఆఫీసులో గుమాస్తా పని. టీసీలు రాయడం, అటెండెన్సు రిజిస్టర్లకు అట్టలు వేయించడం, తప్పిపోయిన టిఫిను డబ్బాలకు పూచీ పడటం, ఇవన్నీ ఆవిడ నెత్తినే ఉండేవి. కానీ ఆ పేరు వచ్చింది మాత్రం ఏటా వెలువడే స్కూలు సంచికలోని చివరి పన్నెండు పేజీల వల్ల. వాటికి ‘మనవాళ్ళ కబుర్లు’ అని శీర్షిక. ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడెక్కడినుంచో రాసి పంపే సంగతుల్ని రెండేసి వాక్యాలకు కుదించి, బ్యాచీలవారీగా పేర్చి, అచ్చుకు పంపడం ఆవిడ బాధ్యత.

పాతికేళ్ళ కిందట ఆ పని అప్పగిస్తూ అప్పటి పెద్ద మదర్ ఒకే ఒక్క మాట చెప్పింది. “ఎవరి కబురూ చిన్నది కాదమ్మాయ్. డాక్టరైనవాడికి రెండు వాక్యాలిస్తే డ్రైవరైనవాడికీ రెండు వాక్యాలే ఇవ్వు.”

కబుర్లమ్మ ఆ మాట తప్పలేదు. ఒకావిడ గుండె ఆపరేషన్లు వెయ్యి పూర్తి చేశానని రాసేది. ఇంకొకాయన తన మేక మూడు పిల్లల్ని ఈనిందని రాసేవాడు. ఇద్దరికీ రెండేసి వాక్యాలు. పదవులొచ్చినవాళ్ళు, పదవులు ఊడినవాళ్ళు, కవల మనవలు పుట్టినవాళ్ళు, అరవయ్యో ఏట ఈత నేర్చుకున్నవాళ్ళు, అందరూ ఆ పన్నెండు పేజీల్లో బెంచీ మీద కూర్చున్నట్టు పక్కపక్కన సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఉత్తరం విప్పినప్పుడల్లా ఆవిడకు ఒక్క క్షణం నేల తుడిచిన ఫినాయిలు వాసన, తడిసిన సుద్దముక్కల వాసన వచ్చినట్టుండేది. ఆవిడ కూడా ఆ బడి పిల్లే మరి. ఇప్పుడు తను కూర్చునే కిటికీకి ఎదురుగా, వరండా చివర, ఒకప్పుడు మోకాళ్ళ మీద నిలబడిన చోటు కనపడుతుంది. నవ్వాపుకోలేక చేసిన నేరానికి పడిన శిక్ష అది. ఇప్పుడు తలుచుకుంటే మళ్ళీ నవ్వే వస్తుంది.

పన్నెండో పేజీ అడుగున మాత్రం నల్లగీత కింద చనిపోయినవాళ్ళ పట్టిక ఉండేది. ‘ప్రభువునందు నిద్రించినవారు’. దాన్ని టైపు చేసే రోజు కబుర్లమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు.

ఆ ఏడు పొరపాటు జరిగింది అక్కడే.

సంచిక ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం, సరిగ్గా అన్నాల గంట కొట్టినప్పుడు ఫోను మోగింది. వరండా నిండా పిల్లలు, డబ్బా మూతల చప్పుడు. అవతల ఒకావిడ గొంతు. తన భర్త ఈ బళ్ళోనే చదివాడనీ, పోయిన నెలలో నిద్రలోనే పోయాడనీ చెప్పింది. పేరు చెప్పింది. బ్యాచి చెప్పింది. ఇంకేదో చెప్పబోతుండగా గోలలో మాట కలిసిపోయింది. “మళ్ళీ నేనే చేస్తానమ్మా” అని కబుర్లమ్మ ఆ నంబరు క్యాలెండరు మీద రాసుకుంది. ప్రెస్సు నుంచి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. మళ్ళీ చేయడం కుదరలేదు.

నలభై ఎనిమిదేళ్ళ కిందటి రిజిస్టరు తీసి, వేలు పెట్టి పేర్లు చదువుకుంటూ కిందికి వచ్చింది. పేజీ అడుగున, చిట్టచివరి వరసలో, పదిహేడో నంబరు దగ్గర ఆ పేరు దొరికింది. హమ్మయ్య అనుకుని రిజిస్టరు మూసేసింది. కబుర్ల పెట్టెలో ఆ పేరుతో ఒక కార్డు కూడా ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన రాసిన నాలుగు ముక్కలు: ‘లిఫ్టుల మెకానిక్‌గా ఉన్నాను. రోజూ పైకీ కిందికీ తిరగడమే. అందరం క్షేమం.’ దానికి పిన్నుతో గుచ్చి, తొమ్మిదేళ్ళ కిందట వచ్చిన కొత్త చిరునామా. దాన్ని బట్టి రెండు వాక్యాలు రాసింది. ‘లిఫ్టుల మెకానిక్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన సోదరుడు ప్రభువునందు నిద్రించారు. ఆయన కుటుంబానికి మన ప్రార్థనలు తోడుగా ఉంటాయి.’

సంచిక అచ్చయింది, అందరికీ వెళ్ళింది. ఒక ప్రతి ఆ చిరునామాకు, ‘కుటుంబ సభ్యులకు’ అని రాసి ఉన్న కవరులో వెళ్ళింది.

మామూలుగా ఆ పట్టిక చదివి ఎవరూ ఉత్తరాలు రాయరు. ఈసారి మూడు వారాలు తిరక్కుండా తొమ్మిది వచ్చాయి. రిటైరైన జడ్జి ఒకాయన రాశాడు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసినావిడ రాసింది. ఏ ఊళ్ళోనో చర్చిలో విచారణ గురువుగా ఉన్న ఫాదర్ నాలుగు పేజీలు రాశాడు. మరీ రోజూ కలుసుకున్న స్నేహితుల్లా కాదుగానీ, ప్రతివాళ్ళ దగ్గరా ఆయన గురించి ఒక్కో ముక్క మిగిలి ఉంది. కబుర్లమ్మ చదువుతూ కళ్ళు తుడుచుకుంది. ఇంత మంచివాడు బతికుండగా ఒక్క కార్డు తప్ప ఏమీ రాయలేదేమా అనుకుంది. వాళ్ళావిడకు పంపిద్దామని తొమ్మిదింటినీ ఒక కవరులో పెట్టి ఉంచింది.

ఆ మంగళవారం, రెండో పీరియడు నడుస్తుండగా, కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. చేతులు మాత్రం ఇనుముతో పనిచేసినవాళ్ళకుండే చేతులు, గోళ్ళ అంచుల్లో వదలని నలుపు. చంకలో స్కూలు సంచిక.

“కబుర్లు రాసేది మీరేనామ్మా?”

“నేనేనండీ. ఏమైనా రాయించాలా?”

“కాదు. రాసిందాని గురించే. నా చావు గురించి ఒక్క నిమిషం మాట్లాడాలి.”

కబుర్లమ్మకు ముందు అర్థం కాలేదు. ఆయన పన్నెండో పేజీ తీసి నల్లగీత కింద వేలు పెట్టి చూపించాక, పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

“కంగారుపడకండమ్మా. నేను కోపంతో రాలేదు. పుస్తకం మాకు ఆలస్యంగా, మొన్ననే అందింది. మా కోడలు చదివి గొల్లుమంది. ఏమైందా అని నేను వంటింట్లోంచి వస్తే నన్ను చూసి మళ్ళీ కెవ్వుమంది. మా మనవడైతే రెండు రోజుల్నుంచీ నన్ను గిల్లి చూస్తున్నాడు.”

“క్షమించండన్నగారూ. మీ పేరే చెప్పారు. మీ బ్యాచే చెప్పారు. రిజిస్టరులో...”

“ఆ రిజిస్టరు ఒకసారి చూపిస్తారా?” ఆయన గొంతులో నవ్వు ఆగిపోయింది.

తెచ్చి ముందు పెట్టింది. పేజీ అడుగున పదిహేడో నంబరు చూపించింది. ఆయన చూశాడు. తర్వాత, వేలు తడి చేసుకుని, పేజీ తిప్పాడు.

కొత్త పేజీలో మొట్టమొదటి వరస. పద్దెనిమిది. అదే పేరు. ఇంటిపేరు ఒక్కటే తేడా.

కబుర్లమ్మకు తల కొట్టేసినట్టయింది. పాతికేళ్ళుగా ఈ పని చేస్తోంది. పేజీ తిప్పి చూడలేదు.

“ఒకే పేరుతో ఇద్దరం ఉండేవాళ్ళం,” అన్నాడాయన. “సిస్టర్లు పేరు పెట్టి పిలిస్తే ఇద్దరం లేచేవాళ్ళం. విసుగొచ్చి నంబర్లతో పిలవడం మొదలెట్టారు. నేను పదిహేడు. వాడు పద్దెనిమిది. ఇంట్లోవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. మా అమ్మ అయితే, ‘పద్దెనిమిదికి కూడా అన్నం పెట్టనా’ అని అడిగేది.” కాసేపు ఆ వరస మీద వేలు అలాగే ఉంచాడు. “పుస్తకం చూడగానే నవ్వొచ్చిందమ్మా. పొద్దున్నంతా నవ్వుకున్నా. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. నేను కాకపోతే పోయింది వాడే కదా అని.”

ఆయన వచ్చింది తప్పు దిద్దించుకోవడానికి కాదని కబుర్లమ్మకు అప్పుడు తెలిసింది. కుర్చీ లాగి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు పట్టుకున్నాడేగానీ తాగలేదు.

హెడ్ సిస్టర్ చిన్న వయసామె, మాటల్లో పొదుపరి. సంగతంతా విని, “ఫోనులో చెప్పే సంగతి కాదిది. ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పండి. ఇవాళే వెళ్ళండి,” అంది.

క్యాలెండరు మీది నంబరుకు ఫోను చేసి, వస్తున్నామని మాత్రం చెప్పింది. చిరునామా అడగబోతే పదిహేడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“అక్కర్లేదమ్మా. నాకు దారి తెలుసు.”

“అయితే కలుస్తుండేవారా?”

“లేదు. దారి మాత్రమే తెలుసు.”

బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చున్నాక ఆయనే చెప్పాడు. తొమ్మిదేళ్ళ కిందట పని మానేసి ఈ ఊరు తిరిగొచ్చినప్పుడు, ఒకరోజు పాతబజారు సందులో నడుస్తుంటే ఒక దుకాణం బోర్డు మీద తన పేరు కనపడిందట. కళ్ళజోళ్ళ దుకాణం. అద్దంలోంచి లోపల బట్టతల మనిషి ఒకడు వంగి లెన్సు అరగదీస్తున్నాడు. రోడ్డుకు ఇవతల నిలబడి పావుగంట చూశాడు. వెళ్ళలేదు.

“ఎందుకని?”

“మొహం చెల్లక.”

కబుర్లమ్మ ఇక తవ్వలేదు. సంచిలోంచి ఆ తొమ్మిది ఉత్తరాలూ తీసి ఇచ్చింది. “మీ గురించే రాశారు. మీరు పోయారనుకుని.”

ఆయన జోడు పెట్టుకుని మొదటిది విప్పాడు. స్కూలు పెద్దగంట తాడు పట్టుకు వేలాడి, అరగంట ముందే ఆఖరి గంట కొట్టేసిన సంగతి అది. ఏడువందలమంది పిల్లలు సంచులు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారట. టీచర్లు కూడా సగంమంది వెళ్ళిపోయారట. ఆయన భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ముందు సీటులో ఆవిడ తిరిగి చూసింది.

రెండోది జడ్జిగారిది. ‘నాకు గీతలు రావు. పరీక్షలో నా మ్యాపు కూడా అతనే గీసి ఇచ్చాడు. జీవితంలో నేను చేసిన ఏకైక నేరంలో నా భాగస్వామి.’

“ఇది నేను కాదు,” అన్నాడు పదిహేడు. “నేను గీస్తే నది కొండెక్కేది. ఇది వాడు.”

మూడోది ఫాదర్‌గారిది. ప్రార్థనా మందిరంలో ఆ కుర్రాడి గొంతు గురించి రాశాడాయన. పాట ఎత్తుకునే ముందు చిన్నగా ఊపిరి పీల్చుకునేవాడనీ, పూజలో పాట ఎత్తేటప్పుడు తనకు ఇప్పటికీ ఆ ఊపిరే గుర్తొస్తుందనీ.

పదిహేడు ఆ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇదీ వాడే. వాడికి నత్తి ఉండేదమ్మా. పేరడిగితే పేరు చెప్పడానికి అరనిమిషం పట్టేది. అప్పజెప్పమంటే, పేరు ఒకటే కదా, నేను లేచి చెప్పేసేవాణ్ణి. కానీ పాడితే మాత్రం ఎక్కడా తగిలేది కాదు. నీళ్ళు పారినట్టు వచ్చేది.”

సందులో దుకాణం మూసి ఉంది. పక్క గుమ్మంలోంచి ఒకావిడ ఎదురొచ్చింది. పొట్టిగా, చురుగ్గా, కొంగు దోపుకుని ఉంది. నర్సరీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనావిడ. చూపులోనే ఆ అలవాటు తెలుస్తోంది. వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో వేలితోనే చూపించింది. ముందుగది నిండా ఆయన సామానే ఉంది. అరగదీసే చక్రం, దాని పక్కన ఎండిపోయిన తడిగుడ్డ, రేకు ట్రేల్లో గుండ్రటి అద్దాలు, గోడకు ఒకదాని కింద ఒకటి చిన్నవవుతూ పోయే అక్షరాల పటం.

కబుర్లమ్మ నీళ్ళు నమల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. గంట మోగింది, గోలలో సరిగా వినలేదు, మళ్ళీ ఫోను చేయలేదు, పేజీ తిప్పలేదు. “మీ వారికి రాయాల్సింది ఈయనకు రాశానమ్మా. తప్పు నాదే.”

ఆవిడ సంచిక తీసుకుని ఆ రెండు వాక్యాలూ చదివింది. తర్వాత పదిహేడు వైపు చూసింది. “అయితే మీ పుస్తకం లెక్కన మా ఆయన ఇంకా ఉన్నట్టే,” అంది. నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే విరిగిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కబుర్లమ్మ లేచి వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ చెయ్యి వదిలించుకోలేదు.

కాస్త తేరుకున్నాక, “మీరేనా పదిహేడు?” అని అడిగింది.

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. “నా సంగతి చెప్పాడా?”

“చెప్పకపోవడమేమిటి అన్నయ్యగారూ? పెళ్ళైన కొత్తలో నాతో కూడా మాట తడబడేది. అప్పుడు ఎప్పుడూ ఒకే మాట, ‘ఇప్పుడు పదిహేడు ఉంటే బాగుండు, నా బదులు వాడు మాట్లాడేవాడు’ అని.”

పదిహేడు తల దించుకున్నాడు. అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. “ఒక సంగతి చెప్పాలమ్మా. వాడికే చెప్పాల్సింది. ఆఖరి సంవత్సరం వార్షికోత్సవంలో సత్ప్రవర్తన పతకమని ఒకటి ఇచ్చేవాళ్ళు. బిషప్పుగారు వేదిక మీదనుంచి పేరు పిలిచారు. నంబరు కాదు, పేరు. నేను లేచి వెళ్ళి తీసుకున్నాను. గంటలు కొట్టి ఇళ్ళకు పంపేసే నాకు సత్ప్రవర్తనేమిటని ఎవడైనా అనుకుంటాడు కదా. నాకూ తెలుసు. నాన్న జనంలో కూర్చుని ఉన్నాడు. మావాణ్ణి పిలిచారని పక్కవాళ్ళకు చెబుతున్నాడు. ఆయన మొహం చూసి వెళ్ళిపోయాను. దిగి వస్తుంటే వాడు చప్పట్లు కొడుతున్నాడు. ఆ తర్వాత వాడి ఎదుట పడలేదు. పతకం కూడా ఇప్పుడు నా దగ్గర లేదు. ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది. ఇద్దామన్నా ఇవ్వడానికేం లేదు.”

పద్దెనిమిది భార్య ముఖంలో కోపం కనపడలేదు. ఆశ్చర్యం కనపడింది.

“దీనికా మీరు రానిది? ఇన్నేళ్ళూ?”

“మరి?”

“ఆ కథ ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆ పతకం తీసుకున్నవాళ్ళు మైకు ముందు నాలుగు మాటలు చెప్పాలటగా?”

“అవును. చెప్పాలి.”

“అదీ సంగతి. తన పేరు పిలవగానే ఈయన, ఊరంతా చూస్తుండగా నత్తితో ఎలా చెప్పను దేవుడా అని బెంచీని గట్టిగా పట్టుకున్నారట. అంతలో మీరు లేచారట. ‘ఆ రోజు పదిహేడు నన్ను కాపాడాడు, నా భయం చూసి నా బదులు వెళ్ళాడు’ అనేవారు. అందుకే చప్పట్లు కొట్టారు.” ఆవిడ సంచిక మూసి పక్కన పెట్టింది. “మీరెందుకు కనపడటం మానేశారో ఆయనకు అంతుపట్టలేదు. పెద్ద పెద్ద మేడల్లో పనిచేస్తున్నాడు, నన్నెందుకు గుర్తుపెట్టుకుంటాడులే అని సరిపెట్టుకున్నారు.”

పదిహేడు జోడు తీసేశాడు. అంత పొడుగు మనిషీ కుర్చీలో చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. “నేను కాపాడలేదమ్మా. మా నాన్న కోసం వెళ్ళాను,” అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

“ఎవరికోసం వెళ్తేనేం, ఆయన గట్టెక్కారుగా,” అందావిడ.

టీలు తాగాక కబుర్లమ్మ ఉత్తరాల సంగతి చెప్పింది. ఆవిడ బల్ల మీది ట్రేలు జరిపి చోటు చేసింది. పదిహేడు ఒక్కో ఉత్తరం పైకి చదివి, తనదైతే ఎడమ పక్క, స్నేహితుడిదైతే కుడి పక్క పెట్టడం మొదలుపెట్టాడు. గంట కొట్టింది ఎడమకు. మ్యాపు కుడికి. చీలమండ బెణికిన హెడ్ నర్సుగారిని వీపు మీద మోసుకెళ్ళింది ఎడమకు. “అప్పుడు ఆవిడ నా చెవి పట్టుకుని గుర్రాన్ని తోలినట్టు తోలింది,” అన్నాడు. పాట దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చెయ్యి చాపి ఆ ఉత్తరం తానే తీసుకుంది.

“ఆయన పాడేవారా?” అంది. “చక్రం తిప్పుతూ ఏదో సన్నగా కూనిరాగం తీసేవారు. అది చక్రం చప్పుడనే అనుకున్నాను నేను.” చివరిదాకా చదివి, మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివింది.

చివరకు ఎడమ పక్క నాలుగు, కుడి పక్క నాలుగు వచ్చాయి. తొమ్మిదో ఉత్తరం మిగిలింది. వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన ఒకావిడ రాసింది. ఆరో తరగతిలో కొత్తగా చేరిన వారంలో వానలో ఆవిడ చెప్పు తెగిపోయిందట. ఆ పేరుగల అబ్బాయి తన చెప్పులు విప్పి ఆవిడ ముందు పెట్టి ఉత్తకాళ్ళతో వెళ్ళిపోయాడట. మర్నాడు తిరిగివ్వబోతే ‘నావి కావు’ అన్నాడట. మొహం గుర్తులేదు, పేరు మాత్రం గుర్తుంది అని రాసింది.

పదిహేడు దాన్ని రెండుసార్లు చదివి బుర్ర గోక్కున్నాడు. “నిజంగా గుర్తులేదమ్మా. నేను చేసి ఉండొచ్చు. వాడూ చేసి ఉండొచ్చు.” ఒక్క క్షణం ఆలోచించి కుడి పక్క దొంతి మీద పెట్టాడు. “ఇది మీ దగ్గరే ఉండనివ్వండి.”

ఆవిడ వద్దనలేదు.

లేవబోతుంటే పదిహేడు కళ్ళు అలమర మీద పడ్డాయి. కాగితం పొట్లాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీదా పేరు, ఇంటి నంబరు, గుండ్రటి చేతిరాతలో. అవేమిటని అడిగాడు. ఆయన పూర్తిచేసి పెట్టిన జోళ్ళవి. దుకాణం మూసి ఉండటం చూసి జనం రావడం మానేశారు. ఇంటింటికీ తిరిగి ఇచ్చే ఓపిక తనకు లేదందావిడ. “ఎవరి చూపు వాళ్ళకు అందకుండా ఇక్కడే ఉండిపోయింది. పొద్దున లేస్తే కళ్ళకు అవే కనపడతాయి.”

పదిహేడు ఒక పొట్లం తీసి చదివాడు. “ఈ మేడ నాకు తెలుసు. లిఫ్టు నాలుగో అంతస్తులో మొరాయిస్తే ఇప్పటికీ నన్నే పిలుస్తారు.” ఇంకొకటి తీశాడు. “ఇదీ తెలుసు.” తర్వాత కబుర్లమ్మ చేతిలోని ఖాళీ సంచి అడిగి తీసుకుని, పొట్లాలు ఒక్కొక్కటే, గుడ్లు సర్దినంత జాగ్రత్తగా అందులో పెట్టుకున్నాడు. మొత్తం ముప్ఫై ఒకటి.

“శ్రమ కదా అన్నయ్యగారూ?”

“వాడి పేరు చెప్పి తలుపు తట్టడమే కదమ్మా. పేరు నాదీ అదే. తడబడే పని లేదు.”

ఆ పని ఆయనకు నెలన్నర పట్టింది. ఇద్దరు ఇళ్ళు మారిపోతే కొత్త ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒక ముసలావిడ జోడు పెట్టుకుని, ముందుగా ఆయన మొహం చూసి, “ఎంత పొడుగున్నావయ్యా! పోయినసారి పొట్టిగా ఉన్నావే!” అందట. ఆ మాట చెప్పడానికే ప్రత్యేకం స్కూలుకు వచ్చి, కిటికీ దగ్గర నిలబడి కబుర్లమ్మను కడుపుబ్బ నవ్వించాడు.

కబుర్లమ్మ ఉత్తరాలు రాసిన తొమ్మిదిమందికీ ఒక్కొక్కరికీ ఫోను చేసి తప్పు ఒప్పుకుంది. జడ్జిగారు, “అయితే నేను కృతజ్ఞత చెప్పింది తప్పు మనిషికన్నమాట,” అని, పద్దెనిమిది ఇంటి చిరునామా రాసుకున్నాడు. ఫాదర్‌గారు మాత్రం, “నాకు నంబరు ఎప్పుడూ గుర్తులేదమ్మా, గొంతే గుర్తు,” అన్నాడు.

మరుసటి ఏడు సంచిక పనులు మొదలయ్యాక పద్దెనిమిది భార్య తానే స్కూలుకు వచ్చింది. కబుర్లమ్మ ఆవిడను వరండా అంతా తిప్పి, ప్రార్థనా మందిరంలో పాటల బృందం నిలబడే మెట్లు చూపించింది. రెండో మెట్టు మీద కాసేపు నిలబడిందావిడ. తర్వాత ఇద్దరూ ఆఫీసులో కూర్చుని రెండు వాక్యాలు రాశారు. నాలుగుసార్లు కొట్టేసి రాశారు. ‘నలభై ఏళ్ళపాటు పాతబజారులో కళ్ళజోళ్ళు తయారుచేసిన మన సోదరుడు, పద్దెనిమిదో నంబరు, పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించారు. మన మందిరంలో ఆయన పాడిన పాట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు.’

దానితోపాటు, అదే బ్యాచి కింద, బతికున్నవాళ్ళ పేజీలో ఇంకో రెండు వాక్యాలు టైపు చేయాల్సి వచ్చింది. ఏం రాయమంటారని అడిగితే పదిహేడు, “క్షేమంగా ఉన్నాడని రాయండి. ఈసారైనా జనం నమ్ముతారు,” అన్నాడు. కబుర్లమ్మకు అది చాలలేదు. ‘లిఫ్టుల మెకానిక్‌గా రిటైరైన పదిహేడో నంబరు క్షేమంగా ఉన్నారు. ఈ ఏడాది స్నేహితుడు చేసిన ముప్ఫై ఒక్క కళ్ళజోళ్ళనూ స్వయంగా ఇంటింటికీ వెళ్ళి అందజేశారు.’

టైపు చేశాక, ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నా, రిజిస్టరు తీసి రెండు పేజీలూ తిప్పి చూసుకుంది. అప్పుడే కాగితాలు అతని చేతికిచ్చింది.